తుప్పే కవచమైన లోహం

కోనసీమ ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అదే తీరపు నల్ల ఇసుకలో దొరికే టైటానియానికి ఉప్పు ఒక లెక్క కాదు. అయినా ఊరూరా ఇనుమే ఎందుకు వాడుతున్నాం?

శ్లాబులో ఊచ, తొడలో రాడ్డు

అంతర్వేదిలోనో ఓడలరేవులోనో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఇనుముతో వేగడం ఏటా ఉండే పనే. కిటికీ గ్రిల్‌కు రెడాక్సైడ్ పూసి, పైన రెండు కోట్లు రంగు వేసినా ఏడాది తిరక్కుండానే మూలల్లో గోధుమరంగు పొక్కులు లేస్తాయి. శ్లాబు అడుగున పెచ్చులూడి, ఉబ్బిన ఊచలు బయటపడతాయి. రొయ్యల చెరువులో ఏరియేటర్ బోల్టు విప్పబోతే స్పానరుకు పట్టు దొరకదు. బోల్టు తల అంచులు అప్పటికే రాలిపోయి ఉంటాయి.

అలాంటి ఇంట్లోనే బైకు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్న కుర్రాడు ఒకడుంటాడు. ఆపరేషన్ చేసి రాడ్డు వేసి ఉంటారు. ఏళ్లు గడిచాక ఎక్స్‌రే తీసినా ఆ రాడ్డు వేసిన రోజున ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. అలాగని మనిషి ఒళ్లు ఉప్పు లేని చోటేమీ కాదు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఒంట్లోని ద్రవాల ఉప్పదనం సుమారు 9 గ్రాములకు సమానం. ఆపైన 37 డిగ్రీల వెచ్చదనం, రక్తం మోసుకొచ్చే ఆక్సిజన్, ఎన్నటికీ ఆరని తడి. తుప్పు పట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు వెతికినా దొరకదు.

తొడలో వేసే రాడ్డు చాలాసార్లు టైటానియం మిశ్రలోహంతో చేసిందే. దానికి తుప్పు పట్టదని అందరూ అంటారు. నిజానికి దానికీ పడుతుంది, ఇనుముకన్నా ఎంతో వేగంగా పడుతుంది. ఆ వేగమే దాన్ని కాపాడుతోంది. ఈ లోహం ఇంత ఖరీదు కావడానికి, కోనసీమ కిటికీలకు ఇంకా ఇనుమే దిక్కు కావడానికి కూడా మూలం అక్కడే ఉంది.

ఇనుము ఎందుకు ఓడిపోతుంది

భూమిలో ఇనుము లోహంగా దొరకదు, ఆక్సిజన్‌తో కలిసి ఖనిజంగా దొరుకుతుంది. కొలిమిలో బొగ్గుతో కాల్చి, ఆ ఆక్సిజన్‌ను బలవంతంగా ఊడగొడితే ఇనుము వస్తుంది. తడీ గాలీ తగలగానే అది మళ్లీ పాత స్థితికి చేరాలని చూస్తుంది. అలా తిరిగి వెళ్లడాన్నే తుప్పు అంటున్నాం.

ఇది జరిగే తీరు కాస్త విద్యుత్తు వ్యవహారంలా ఉంటుంది. తడిసిన ఇనుము మీద ఒకచోట లోహపు పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి దిగుతాయి. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే ఇంకో చోటికి వెళ్లి, అక్కడ నీటినీ ఆక్సిజన్‌నూ కలుస్తాయి. రెండు చోట్ల మధ్య లోహం లోపల కరెంటు పారుతుంది, పైన తడిలో దాని వలయం పూర్తవుతుంది. మంచినీటిలో కరెంటు నెమ్మదిగా కదులుతుంది. ఉప్పునీటిలో దానికి అడ్డు ఉండదు. అందుకే సముద్రానికి దూరంగా ఉన్న రావులపాలెం గ్రిల్ కన్నా ఓడలరేవు గ్రిల్ ముందు చెడుతుంది.

ఉప్పు చేసే చెరుపు అంతటితో ఆగదు. గాలిలో ఎగిరొచ్చి గోడల మీద, ఇనుము మీద పేరుకున్న ఉప్పు, వాన లేని రోజున కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పైకి పొడిగా కనిపించే గ్రిల్ మీద కంటికి కనపడని తడి పొర ఉండనే ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ కణాలు చాలా చిన్నవి, చురుకైనవి. రంగులో, కాంక్రీటులో ఉన్న సన్నని సందుల్లోంచి లోపలికి దూరిపోతాయి.

ఇనుముకు పట్టే తుప్పు గుల్లగా ఉంటుంది. అది పుట్టిన ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. శ్లాబులో ఊచ ఉబ్బి సిమెంటు పెచ్చులూడటానికి కారణం ఇదే. తుప్పు పెళుసుగా రాలుతుంటే దాని అడుగున కొత్త ఇనుము గాలికి తేలుతుంది. అలా ఒక పొర తరవాత ఇంకో పొర పోతూ చివరికి ఊచే మిగలదు.

విరిగినా మళ్లీ కట్టే పొర

టైటానియం కథ ఇందుకు పూర్తిగా భిన్నం. ఆక్సిజన్ మీద దానికున్న మమకారం ఇనుముకన్నా ఎక్కువ. గాలి తగిలిన క్షణంలోనే దాని పైమట్టంలోని పరమాణువులు ఆక్సిజన్‌ను పట్టుకుని టైటానియం డయాక్సైడ్‌గా మారిపోతాయి. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు పదివేలో వంతు. కంటికి కనపడదు. కానీ అందులో గుల్లదనం లేదు, అడుగున ఉన్న లోహాన్ని గట్టిగా కరుచుకుని ఉంటుంది. నీరుగానీ క్లోరైడ్‌గానీ మామూలు పరిస్థితుల్లో దాన్ని దాటి పోలేవు. ఆక్సిజన్ కూడా లోపలికి చేరలేదు కాబట్టి తుప్పు తనకు తానే ఆగిపోతుంది.

వేడి పాల మీద మీగడ కట్టడం అందరూ చూసేదే. చెంచాతో పక్కకు లాగితే కాసేపటికి మళ్లీ కడుతుంది, పాలు ఉన్నంతసేపూ అలా కడుతూనే ఉంటుంది. టైటానియం మీది పొర తీరు కూడా అదే. గీసినా, రాపిడికి చెరిగినా, బయటపడిన కొత్త లోహం రెప్పపాటులో కొత్త పొరను అల్లుకుంటుంది. అందుకు కావాల్సిందల్లా కాసింత ఆక్సిజన్ లేదా నీటి తడి. సముద్రంలో ఆ రెండింటికీ కొదవ లేదు. ఇనుమును తినేసే పరిసరాలే టైటానియానికి మందు పూస్తాయి.

స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిపితే దాని మీద క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది. వంటింటి గిన్నెలకు అది చాలు. అయితే క్లోరైడ్ తాకిడికి ఆ పొర అక్కడక్కడా తెగుతుంది. తెగిన చోట సూది మొనంత గుంట పడి, లోపలికి లోతుగా తవ్వుకుంటూ పోతుంది. సముద్రం ఒడ్డున స్టీలు రెయిలింగుల మీద కనిపించే గోధుమ చుక్కలు ఆ గుంటల నోళ్లే. టైటానియం పొరను మామూలు వేడిమి దగ్గర సముద్రపు నీరు అలా గుచ్చలేదు.

┌ టైటానియం ఒక చూపులో
• సాంద్రత: ఘన సెంటీమీటరుకు సుమారు 4.5 గ్రాములు. ఇనుముది 7.9.
• కరిగే ఉష్ణోగ్రత: సుమారు 1,668 డిగ్రీల సెల్సియస్.
• భూమి పైపొరలో సమృద్ధి: మూలకాలన్నిటిలో తొమ్మిదో స్థానం.
• ముఖ్య ఖనిజాలు: ఇల్మనైట్, రూటైల్.
• గుర్తింపు: 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే చర్చి పాస్టరు, వాగు ఒడ్డున అయస్కాంతానికి అంటుకుంటున్న నల్ల ఇసుకను పరీక్షించి అందులో కొత్త మూలకం ఉందని కనిపెట్టారు.
• శుద్ధ లోహం: 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ చేతికి వచ్చింది. గుర్తించిన తరవాత లోహాన్ని చూడటానికి 119 ఏళ్లు పట్టింది. ┘

నల్ల ఇసుక ఎక్కడిది

అంతర్వేది దగ్గర అలలు వెనక్కి తీసినప్పుడు తెల్లని ఇసుక మీద నల్లని చారలు మిగులుతాయి. మసి కాదు, చమురూ కాదు. అవి బరువైన ఖనిజాల రేణువులు.

గోదావరి నాసిక్ దగ్గర పుట్టి, పరీవాహక ప్రాంతంలో దాదాపు సగం మేర దక్కన్ నల్లరాతి మీదుగా ప్రవహిస్తుంది. ఆ రాళ్లలో ఇనుము, టైటానియం కలిసిన ఖనిజాలు ఉన్నాయి. పాపికొండల దగ్గర తూర్పు కనుమలను చీల్చుకుని వస్తూ అక్కడి పాతకాలపు రాళ్ల నుంచి ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్ రేణువులను కూడా వెంట తెచ్చుకుంటుంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలుగా విడిపోయి సముద్రంలో కలిసే చోట ఈ సరుకంతా దింపేస్తుంది.

అక్కడి నుంచి ఏరివేత పని అలలది. మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, నీటికన్నా 2.65 రెట్లు బరువు. ఇల్మనైట్ దాదాపు 4.7 రెట్లు. అల ఒడ్డుకొచ్చేటప్పుడు రెండింటినీ తోసుకొస్తుంది. తిరిగి పోయేటప్పుడు జోరు తగ్గి తేలికైనదాన్ని మాత్రమే వెనక్కి తీసుకుపోగలుగుతుంది. వేల ఏళ్లుగా ఇదే పని జరుగుతుంటే బరువు రేణువులు పొరలు పొరలుగా పేరుకుంటాయి. శ్రీకాకుళం జిల్లా భావనపాడు, కళింగపట్నం నుంచి భీమునిపట్నం, కాకినాడ, నరసాపురం మీదుగా నిజాంపట్నం దాకా ఇలాంటి నిక్షేపాలను హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల డైరెక్టరేట్ గుర్తించింది.

పిల్లలు ఈ ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్ల పొడి గుచ్ఛంలా అంటుకుంటుంది. గట్టిగా అతుక్కునేది ఎక్కువగా మాగ్నటైట్, ఇనుప ఖనిజం. ఇల్మనైట్‌కు ఆకర్షణ బలహీనం, మామూలు అయస్కాంతానికి సరిగా లొంగదు. ఫ్యాక్టరీల్లో మరింత శక్తివంతమైన అయస్కాంతాలతో దాన్ని వేరుచేస్తారు. జిర్కాన్ అయస్కాంతం వైపు చూడనే చూడదు.

ఇసుక దండిగా ఉన్నా లోహం అరుదు

సమృద్ధిలో తొమ్మిదో స్థానంలో ఉన్న మూలకం బజారులో ఎందుకింత అపురూపం? దానికి జవాబు పైన చెప్పుకున్న మమకారంలోనే ఉంది. తుప్పు నుంచి కాపాడే ఆక్సిజన్ బంధమే, ఖనిజం నుంచి లోహాన్ని విడదీయబోతే అడ్డం పడుతుంది.

ఇనుప ఖనిజాన్ని కోక్ బొగ్గుతో కాలిస్తే బొగ్గు ఆక్సిజన్‌ను లాక్కుని పోతుంది, ఇనుము మిగులుతుంది. టైటానియం ఖనిజానికి ఇదే వైద్యం చేస్తే ఆక్సిజన్ పోయిన చోట కార్బన్ వచ్చి కూర్చుంటుంది. చేతికి మిగిలేది గాజులాగా పెళుసైన కార్బైడ్. పోనీ గాలిలో కరిగిద్దామంటే వేడెక్కిన టైటానియం ఆక్సిజన్‌నే కాదు, నైట్రోజన్‌ను కూడా మింగేస్తుంది. నైట్రోజన్‌లో మండే మూలకాలు చాలా కొద్ది, వాటిలో ఇదొకటి.

లగ్జెంబర్గ్‌కు చెందిన విలియం క్రోల్ 1930లలో దీనికి ఒక పక్కదారి కనిపెట్టారు. ఆ దారి ఇప్పటికీ మారలేదు. పని దశలవారీగా ఇలా సాగుతుంది.

మొదట ఇల్మనైట్‌లోని ఇనుమును తొలగించి, మిగిలిన టైటానియం ఆక్సైడ్‌ను కోక్ బొగ్గుతో కలిపి వేయి డిగ్రీల దరిదాపుల్లో క్లోరిన్ వాయువు పంపుతారు. ఆక్సిజన్ బొగ్గుతో పోతుంది, టైటానియం క్లోరిన్‌ను పట్టుకుంటుంది. అలా వచ్చే టైటానియం టెట్రాక్లోరైడ్ 136 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. గాలిలోని తేమ తగిలితే చాలు, దట్టమైన తెల్ల పొగ కక్కుతుంది. సైన్యాలు ఒకప్పుడు పొగతెరల కోసం దీన్నే వాడాయి. మరిగే ద్రవం కావడం వల్ల దీన్ని స్వేదనం చేసి మలినాలు వదిలించడం కుదురుతుంది.

తరవాత మూసిన ఉక్కు పాత్రలో గాలిని పూర్తిగా తోడేసి ఆర్గాన్ నింపుతారు. కరిగిన మెగ్నీషియం మీద ఈ ద్రవాన్ని కొంచెం కొంచెంగా పోస్తారు. క్లోరిన్‌కు టైటానియం కన్నా మెగ్నీషియం ఇష్టం కాబట్టి అటు వెళ్లిపోతుంది. పాత్రలో బూడిదరంగు గుల్ల ముద్ద మిగులుతుంది. అది చూడటానికి స్పాంజిలా ఉంటుంది, పేరు కూడా టైటానియం స్పాంజే. అందులో చిక్కుకున్న మెగ్నీషియాన్ని, దాని లవణాన్ని శూన్యంలో వేడిచేసి లాగేస్తారు. ఆ ముద్దను పగలగొట్టి, నొక్కి, శూన్యంలోనే విద్యుత్ చాపంతో కరిగిస్తే కడ్డీ తయారవుతుంది. మేలురకం సరుకుకు ఈ కరిగింపు రెండు మూడు సార్లు చేయాలి.

ఉక్కు కొలిమిలో రాత్రింబవళ్లు ఖనిజం పడుతూనే ఉంటుంది, ఇనుము కారుతూనే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ఒక పాత్రలో ఒక వాయి. వండాలి, చల్లార్చాలి, పగలగొట్టాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్కో వాయికి రోజులు పడతాయి. మెగ్నీషియం, క్లోరిన్, ఆర్గాన్, శూన్యం, కరెంటు అన్నీ లోహం ధరలోకి ఎక్కుతాయి. లోహం అరుదు అయింది ఖనిజం కరువై కాదు, ఈ కష్టం వల్లే.

అందుకే భూమి నుంచి తీసే టైటానియం ఖనిజంలో 90 శాతానికి పైగా లోహంగా మారనే మారదు. తెల్లరంగుకు వాడే పొడిగా పోతుంది. గోడల పెయింటు, ప్లాస్టిక్ కుర్చీలు, టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్ అన్నిట్లోనూ ఉన్నది ఆ టైటానియం డయాక్సైడే. అంతర్వేదిలో కిటికీ గ్రిల్‌కు పూసిన తెల్లరంగులో కూడా అది ఉంటుంది. కానీ పెయింటులోని పొడికీ లోహం మీద దానంతటదే పుట్టే పొరకూ పోలిక లేదు. పొడి రేణువులను పట్టి ఉంచేది జిగురు. జిగురు పగిలితే రంగు పోయింది, దానికి మళ్లీ కట్టుకునే గుణం లేదు.

హైదరాబాద్‌లో వేసిన దారి

భారత్‌లో టైటానియం స్పాంజి తయారీ పద్ధతి రూపుదిద్దుకున్నది హైదరాబాద్‌లో, రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్‌లో. ఆ పద్ధతితోనే కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల స్పాంజి చేయగల ప్లాంటు 2011లో మొదలైంది. రాకెట్ల తయారీకి లోహం కావాల్సిన ఇస్రో ఇందుకు నిధులిచ్చింది. స్పాంజిని కరిగించి కడ్డీలుగా, రేకులుగా, మిశ్రలోహాలుగా మలిచే మిధానీ సంస్థ 1973 నుంచి హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఉంది.

┌ తోబుట్టువులు
టైటానియం ఒంటరి కాదు. ఆవర్తన పట్టికలో దాని చుట్టుపక్కల ఉన్న జిర్కోనియం, నియోబియం, టాంటలం కూడా ఆక్సైడ్ పొరతోనే తుప్పును ఆపుతాయి. తీరపు ఇసుకలోని జిర్కాన్ నుంచి జిర్కోనియం తీసి, అణు ఇంధనానికి తొడుగు గొట్టాలు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ హైదరాబాద్‌లో 1971లో ఏర్పడింది. నియోబియం, టాంటలం లాంటి అరుదైన లోహాలు కూడా అక్కడ తయారవుతాయి. వేడి గంధకామ్లాన్ని, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తట్టుకోవడంలో టాంటలం టైటానియం కన్నా ఎంతో మిన్న. కానీ ఇది నిజంగానే అరుదు, బరువు కూడా ఇనుముకు రెట్టింపు. దాని ఆక్సైడ్ పొర కరెంటును అడ్డుకునే గుణాన్ని వాడుకుని సెల్‌ఫోన్ లోపలి చిన్న కెపాసిటర్లు చేస్తారు. నెల్లూరు అభ్రకం గనుల ప్రాంతపు రాళ్లలో టాంటలం ఖనిజం ఛాయలు కనిపించాయి. ┘

నగరం గొట్టంలో జరిగింది

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక నుంచి అప్పటి కృష్ణా జిల్లా కొండపల్లికి గ్యాస్ తీసుకెళ్లే గెయిల్ గొట్టం పగిలింది. లీకైన గ్యాస్ ఊరిమీద కమ్ముకుని భగ్గుమంది. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీరు, ఇతర ద్రవాలు కలిసిన తడి గ్యాస్ పారుతుండటం, దాంతో గొట్టం లోపల తుప్పు పట్టడం ప్రమాదానికి దారితీశాయని విచారణలో తేలింది.

బావి నుంచి వచ్చే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ కొంత కలిసే ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది ఉక్కుకు హాని చేయదు. నీరు కలిసిందంటే బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. సోడా సీసాలో ఉండే ఆమ్లం ఇదే. గొట్టం వాలిన చోట్ల అడుగున నీరు నిలుస్తుంది, ఆ ఆమ్లం అక్కడే లోపలి గోడను తింటూ పోతుంది. గొట్టం బయట పూత, రక్షణ కోసం పెట్టే విద్యుత్ ఏర్పాటు అన్నీ మట్టి వైపు నుంచి వచ్చే తుప్పునే ఆపుతాయి. లోపల జరిగేదాన్ని అవి పట్టించుకోవు.

అయితే అక్కడ టైటానియం గొట్టం వేస్తే సరిపోయేదా? కార్బన్ డయాక్సైడ్ తడికి అది చలించదన్న మాట నిజం. కానీ వందల కిలోమీటర్ల లైనుకు ఆ లోహం ఖర్చు ఏ సంస్థా మోయలేదు, మోయాల్సిన అవసరం కూడా లేదు. గ్యాస్‌ను గొట్టంలోకి పంపే ముందు ఆరబెట్టడం, తుప్పును నెమ్మదింపజేసే రసాయనాలు కలపడం, గొట్టం లోపల పరుగెత్తే పరికరాలను పంపి అడుగున నిలిచిన నీటిని తోసేయడం, గోడ మందం ఎంత తగ్గిందో కొలిచి చూడటం ఇప్పటికే తెలిసిన పనులు. వేటికీ కొత్త లోహం అక్కర్లేదు. ఉక్కు గొట్టం నిలబడాలంటే ఈ పనులు క్రమం తప్పకుండా జరగాలి, అంతే.

దాని చోటు ఎక్కడ

వెళ్లి చూడలేని చోట, మార్చలేని చోట, చెడితే నష్టం లోహం ధరను మించిపోయే చోట టైటానియం ఖరీదు గిట్టుబాటవుతుంది.

సముద్రం ఒడ్డున ఉండే అణు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఇందుకు చక్కని ఉదాహరణ. టర్బయిన్ నుంచి వచ్చే ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్‌లో వేలకొద్దీ సన్నని గొట్టాలుంటాయి. వాటి లోపల సముద్రపు నీరు పారుతుంది. ఒక్క గొట్టానికి చిల్లు పడినా ఉప్పునీరు బాయిలర్ వైపు చేరి కోట్ల విలువైన యంత్రాలను పాడుచేస్తుంది. కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ కండెన్సర్‌కు అందుకే టైటానియం గొట్టాలు పెట్టారు.

గోదావరికి పశ్చిమాన కొవ్వూరు, సగ్గొండల్లో కాస్టిక్ సోడా ఫ్యాక్టరీలున్నాయి. ఉప్పునీటిలోకి కరెంటు పంపి సోడానూ క్లోరిన్‌నూ విడదీయడం ఈ పరిశ్రమ పని. క్లోరిన్ పుట్టే పలకను ఒకప్పుడు గ్రాఫైటుతో చేసేవారు. అది అరిగిపోతూ ఉండేది. 1960లలో హెన్రీ బీర్ అనే శాస్త్రవేత్త రుథేనియం ఆక్సైడ్ పూత పూసిన టైటానియం పలకలు తెచ్చాక ప్రపంచమంతటా ఈ పరిశ్రమ అటు మళ్లింది.

సముద్రగర్భం మాట చెప్పనక్కర్లేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందిస్తున్న మత్స్య 6000 వాహనంలో ముగ్గురు మనుషులు 6,000 మీటర్ల లోతుకు దిగాలి. ఆ లోతులో నీటి ఒత్తిడి మనం ఉండే చోటి గాలి ఒత్తిడికి 600 రెట్లు. వాళ్లు కూర్చునే గోళం 2.1 మీటర్ల వ్యాసం, 80 మిల్లీమీటర్ల మందంతో టైటానియం మిశ్రలోహంతో చేసేదే. అంత బలం ఉక్కుతోనూ వస్తుంది గానీ, అప్పుడు బరువు పెరిగి తిరిగి పైకి తేలడమే సమస్య అవుతుంది.

ఇక ఎముక. 1952లో స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రేనెమార్క్ కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి చిన్న టైటానియం పరికరం అమర్చారు. ప్రయోగం ముగిశాక దాన్ని తీయబోతే రాలేదు. ఎముక దాని చుట్టూ పెరిగి పట్టేసింది. ఎముక కణాలు తాకుతున్నది అసలు లోహాన్ని కాదు, దాని మీది ఆక్సైడ్ పొరను. ఆ పొర దేనితోనూ కలహించదు, లోహపు కణాలను ఒంట్లోకి వదలదు. 1965లో బ్రేనెమార్క్ తొలిసారి ఒక మనిషి దవడలో టైటానియం దంతమూలాలు బిగించారు. అవి నలభై ఏళ్లు పనిచేశాయి. టైటానియం బిగుసుతనం ఉక్కులో సగమే కావడం మరో మేలు. రాడ్డు మరీ బిగుసుగా ఉంటే భారమంతా అదే మోసి, పక్కన ఎముక పనిలేక పలచబడుతుంది.

┌ దానికీ కిట్టనివి
• పొర మళ్లీ కట్టాలంటే ఆక్సిజన్ లేదా తడి కావాలి. తడి క్లోరిన్‌ను టైటానియం హాయిగా మోస్తుంది. పూర్తిగా పొడి క్లోరిన్ తగిలితే మాత్రం భగ్గున మండుతుంది. ఒక శాతం దాకా తేమ ఉండటం చావుబతుకుల తేడా.
• హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పొరనే కరిగిస్తుంది.
• దాదాపు 80 డిగ్రీలు దాటిన ఉప్పునీరు ఇరుకు సందుల్లో చిక్కుకుంటే అక్కడ పొర ఓడిపోవచ్చు. పావు శాతానికి మించని పల్లేడియం కలిపితే ఈ లోపం చాలావరకు తీరుతుంది.
• సన్నని రజను, తురుము తేలిగ్గా అంటుకుంటాయి. ఆ మంట మీద నీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది.
• ఉప్పునీటిలో ఇనుముకు ఆనించి టైటానియం బిగిస్తే తను చెడదు, ఇనుము మునుపటికన్నా వేగంగా చెడుతుంది. పెద్ద టైటానియం పలకకు చిన్న ఇనుప బోల్టు వేయడం మరీ ప్రమాదం, తుప్పంతా ఆ ఒక్క బోల్టు మీదే పడుతుంది. మధ్యలో రబ్బరో ప్లాస్టిక్ వాషరో ఉండాలి. ┘

ఇసుక తీస్తే తీరం ఏమవుతుంది

తీరం పొడవునా ఇంత ఖనిజం ఉంటే తీసుకోవడానికేం అడ్డు అన్న ప్రశ్న సహజం. మొదటి అడ్డు మోనజైట్. ఇల్మనైట్ పక్కనే ఉండే ఈ ఖనిజంలో థోరియం ఉంటుంది. అణుశక్తికి పనికొచ్చే పదార్థం కాబట్టి దాని మీద కేంద్రం అదుపు కట్టుదిట్టంగా ఉంది. ఇసుకను ఖనిజాలుగా విడదీసేటప్పుడు మోనజైట్ ఎటు పోయిందో లెక్క చూపాల్సిందే.

రెండో అడ్డు దిబ్బలే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను తుడిచిపెట్టి వేయి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు లెక్కలేనన్ని పడిపోయాయి. ఉప్పెన వచ్చినప్పుడు నీటి జోరును ముందుగా కాచేవి తీరపు ఇసుకదిబ్బలు, వాటి మీది సరుగుడు తోటలు. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో నది తెచ్చే ఇసుక తగ్గి, డెల్టా తీరం చాలాచోట్ల కోతకు గురవుతోంది. తవ్విన ఇసుకలోంచి బరువు ఖనిజాలు తీసేశాక మిగిలిన తెల్ల ఇసుకను మళ్లీ అదే చోట పోసి, చదును చేసి, చెట్లు నాటొచ్చు. కాగితం మీద ఇది సులువు. దిబ్బ ఎత్తు, వాలు, దాని మీది పచ్చదనం పాత స్థితికి వచ్చేదాకా మధ్యలో గడిచే తుపాను కాలాల మాట ఎవరో ఒకరు ముందుగా లెక్కగట్టాలి.

మూడోది డబ్బు లెక్క. ఇల్మనైట్ ఇసుకగా ఓడెక్కితే చవక సరుకు. స్పాంజిగా మారితే ఎన్నో రెట్లు, మిశ్రలోహపు కడ్డీగా మారితే అంతకు మించి పలుకుతుంది. తవ్వకం భారం మోసేది తీరం. లాభం ఎక్కువగా పుట్టేది ఆ తరవాతి దశల్లో. ఆ దశలన్నీ దేశంలో తెలిసినవే, అయితే చవర ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 500 టన్నులే.

ఖర్చు తగ్గించే కొత్త దారుల కోసం వెతుకులాట ఆగలేదు. కేంబ్రిడ్జిలో ఫ్రే, ఫార్తింగ్, చెన్ అనే ముగ్గురు కరిగిన కాల్షియం క్లోరైడ్‌లో టైటానియం ఆక్సైడ్ ముద్దను ముంచి కరెంటు పంపితే ఆక్సిజన్ నేరుగా బయటికి పోతుందని 2000లో ప్రకటించారు. క్లోరిన్, మెగ్నీషియం దశలు రెండూ తప్పించే ఈ పద్ధతి ప్రయోగశాలలో పనిచేసింది, భారీ ఎత్తున క్రోల్ పద్ధతిని పక్కకు నెట్టలేకపోయింది. ముద్ద లోపలి నుంచి చివరి కొద్దిపాటి ఆక్సిజన్‌ను వదిలించడానికే ఎక్కువ సమయం, కరెంటు ఖర్చవుతున్నాయి. అది కుదిరిననాడు ముందుగా లాభపడేవి రాకెట్లు కాకపోవచ్చు. వాటికి ధర ఎప్పుడూ అంత అడ్డు కాలేదు. మరబోటు ఇంజను షాఫ్టు, రొయ్యల చెరువు ఏరియేటర్ ఇరుసు, ఉప్పునీటి పంపులో తిరిగే చక్రం లాంటి వాటికే ధర అడ్డు.